ముసురు పట్టిన రోజున ఆగడం

ఇంగ్లండులో జూలై ఆఖరుకు బడులు మూస్తారు, మళ్ళీ సెప్టెంబరులోగాని తెరవరు. ఆ ఆరు వారాల్లో అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కొన్ని కారవాన్ అద్దెకు తీసుకుని, కారు వెనక తగిలించుకుని లేక్ డిస్ట్రిక్ట్ వైపో వేల్స్ వైపో బయల్దేరతాయి. వేసవికని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఒక పట్టిక తయారవుతుంది. సోమవారం విండర్‌మియర్, మంగళవారం కెస్విక్, బుధవారం సరిహద్దు దాటి స్కాట్లండు. ప్రతి రోజుకూ ఒక ఊరు ఉంటుంది, వానకు మాత్రం ఒక్క గడీ ఉండదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో బారోడేల్ లోయ కొసన సీత్‌వెయిట్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ఏడాదికి కురిసే వాన దాదాపు 3,500 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాదులో కురిసేదానికి నాలుగు రెట్లు. మన వానలా గంటసేపు కుమ్మరించి తెరిపి ఇచ్చే రకం కూడా కాదు. పొద్దున లేచేసరికి కొండలు కనబడకుండా పోతాయి, సన్నగా మొదలైన తుంపర సాయంత్రానికీ అలాగే పడుతూ ఉంటుంది. అలాంటి చోటికి వెళుతూ పట్టికలో వానకు చోటివ్వకపోవడం ఆశాభావం కిందికి రాదు, అది లెక్క తప్పడమే.

నేనిక్కడ వాదించబోయేది ఒక్క సంగతి. కారవాన్ ప్రయాణంలో వాన రోజును పాడుచేసేది చాలాసార్లు వాన కాదు. ఆగాలా, వెళ్ళాలా అన్న నిర్ణయాన్ని ఆ పొద్దున తడుస్తూ తీసుకుందామని వదిలేయడం. ఆగడం కూడా ప్రయాణంలో ఒక పనే. దానికీ సన్నాహం కావాలి, ఆ సన్నాహం ముందురోజు రాత్రే జరగాలి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసునని పెద్దలు అనేవారు. ఆకాశం వైపు చూడటం తప్ప వేరే సాధనం లేని కాలంలో ఆ మాట అక్షరాలా నిజం. ఇవాళ రేపటి వాన సంగతి సాయంత్రానికే చాలావరకు తెలిసిపోతోంది. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ గంటగంటకూ అంచనా చెబుతుంది, ప్రమాదం ఉంటే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. ఇంత సమాచారం చేతిలో ఉండి కూడా రేపు చూద్దాంలే అని పడుకునేవాళ్ళు, పొద్దున తొమ్మిదింటికి తడి బూట్లతో తలుపు దగ్గర నిలబడి వాదులాడుకుంటారు. ఆ వాదనలో అలసిపోయినంత వానలో కూడా అలసిపోరు.

వాన పడితే ఆ రోజు పోయినట్టే అన్న నమ్మకాన్ని ముందు కాస్త పరీక్షించాలి. డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. చలి తీవ్రంగా ఉండే అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ, ఎండ దండిగా ఉండే దక్షిణ కాలిఫోర్నియాలోనూ చదువుకుంటున్న సుమారు రెండు వేల మంది విద్యార్థులను వాళ్ళ జీవితం పట్ల ఎంత తృప్తిగా ఉన్నారని అడిగారు. రెండు చోట్లా తృప్తి ఇంచుమించు సమానంగానే తేలింది. తమలాంటివాళ్ళు ఎక్కడ ఎక్కువ సుఖంగా ఉంటారని అడిగితే మాత్రం రెండు ప్రాంతాలవాళ్ళూ కాలిఫోర్నియా పేరే చెప్పారు. ఊహించేటప్పుడు మన దృష్టి అంతా వాతావరణం మీదే నిలుస్తుంది, బతికేటప్పుడు అది పదింటిలో ఒకటై పోతుంది. దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆ అధ్యయనం మొత్తం జీవితం గురించి అడిగింది, విహారయాత్రలో ఒక్క రోజు వేరు. కొండలెక్కడానికి వెళ్ళినవాడికి వాన పదింటిలో ఒకటి ఎలా అవుతుంది? నిజమే, పట్టికలో కొండలెక్కడం తప్ప ఇంకేమీ లేకపోతే వాన ఆ రోజంతటినీ మింగేస్తుంది. అందుకే లోపాన్ని పట్టికలో వెతకమంటున్నాను. రోజులో చేయదగ్గవి ఇంకో నాలుగు ముందే పెట్టుకున్న కుటుంబానికి వాన వల్ల పోయేది ఒక్క నడకే.

కారవాన్‌లో వాన రోజు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఈ సరదా పుట్టిన దేశపు చరిత్రే మంచి సాక్ష్యం. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు వైద్యుడు, పిల్లల సాహస కథల రచయిత, వినోదం కోసమే ఒక కారవాన్ కట్టించుకుని దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టాడు. రెండు గుర్రాలు లాగే ఆ బండి బరువు దాదాపు రెండు టన్నులు. ఇంగ్లండు దక్షిణాన ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండు ఉత్తరాన ఇన్వర్నెస్ దాకా అందులో వెళ్ళాడు. గుర్రం అలసిపోతే ఆగాలి, బాట బురదైతే ఆగాలి. ఆగక తప్పనివాడికి ఆగడం నేర్పు అవుతుంది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఈ సరదా పెరిగింది, 1907లో బ్రిటన్‌లో కారవాన్ క్లబ్ కూడా ఏర్పడింది. ఆ ఏడాది వేసవిలోనే రచయిత్రి ఎలిజబెత్ ఫన్ ఆర్నిమ్ కొందరు మిత్రులతో కలిసి కెంట్ ప్రాంతంలో కారవాన్లలో తిరిగింది. వానలు ఎక్కువైన ఆ ప్రయాణం నుంచే 1909లో ‘ది కారవానర్స్’ అనే నవల వచ్చింది. కథ చెప్పేవాడు ఓటో అనే జర్మన్ బారన్, సైన్యంలో మేజర్. వాన పడుతుంటే పొయ్యి వెలిగించడం, పాత్రలు కడగడం, గుర్రాన్ని చూసుకోవడం తనలాంటివాడి పనులు కావని అతని గట్టి నమ్మకం. తోటివాళ్ళు ఒక్కొక్కరే ఏదో నెపంతో ఎందుకు తప్పుకుంటున్నారో అతనికి చివరిదాకా అర్థం కాదు. వాన అందరి మీదా సమానంగానే పడింది. జట్టు విడిపోయింది ఒకడు పని పంచుకోనందువల్ల. వాన రోజు గురించి రాసిన సలహా పుస్తకాలన్నిటికంటే ఆ నవల ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

ఆ బారన్‌ను చూసి మనం నిశ్చింతగా ఉండటానికి లేదు. మన కుటుంబాల్లో వాన పడగానే మొదట వచ్చే మాట వేడివేడిగా ఏమైనా చేయమని. ఆ మాట ఎవరితో అంటామో అందరికీ తెలుసు. మిగతావాళ్ళు దుప్పట్లు కప్పుకుని ఫోన్లు చూసుకుంటుంటే, రెండడుగుల గట్టు మీద ఆమె టిఫినూ, మధ్యాహ్నం వంటా, మళ్ళీ నాలుగింటికి టీ, పకోడీలూ. ఇంట్లో అయితే కనీసం వంటగది వేరేగా ఉంటుంది. ఇక్కడ అందరూ ఆమె మోచేతికి తగులుతూనే ఉంటారు. ఒక మనిషి సెలవు రోజును తక్కినవాళ్ళు తినేస్తున్నారన్నమాట. కాబట్టి ముందురోజు రాత్రి నిర్ణయాల్లో మొదటిది ఎక్కడికి వెళ్ళాలన్నది కాదు, ఎవరు ఏం చేయాలన్నది. కారవాన్‌లో నీళ్ళు పంపు నుంచి పీపాలో దొర్లించుకుని తెచ్చుకోవాలి, వాడిన నీళ్ళు తీసుకెళ్ళి పారబోయాలి, టాయిలెట్ క్యాసెట్ ఖాళీ చేయాలి. ఎండలో పది నిమిషాల పనులివి, వానలో ఎవరికీ చేయబుద్ధి కాదు. పేర్లు రాసి తలుపు వెనక అంటించడం మొరటుగా కనిపించవచ్చు. అయినా అలిగి చేసేదానికంటే అనుకుని చేసేదే నయం. వంట రోజంతటికీ ఒక్కసారే చేయాలి, అది కూడా ఆమె కాకుండా ఇంకొకరు.

ఇక కదలాలా, ఆగాలా అన్న ప్రశ్న. బ్రిటన్ రహదారి నియమావళి ప్రకారం గంటకు 50 మైళ్ళ వేగంతో వెళ్ళే కారు ఆగడానికి పొడి రోడ్డు మీద 53 మీటర్లు పడుతుంది. తడి రోడ్డు మీద కనీసం రెండింతల దూరం పట్టవచ్చని అదే నియమావళి హెచ్చరిస్తుంది. ఇది ఒంటరి కారు లెక్క. వెనక టన్నుకు పైగా బరువు తగిలించి, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా నీళ్ళు అద్దం మీద పరదాలా పడుతుంటే ఆ దూరం ఎంతో ఊహించుకోండి. ఇంత చేసి చేరేది మరో తడి మైదానానికి. అక్కడ వానలోనే కారవాన్ విడదీయాలి, నాలుగు మూలలా కాళ్ళు దించాలి, కరెంటు తీగ తగిలించాలి. కొండదారుల్లో, పరిచయం లేని అద్దె బండితో, ఇవన్నీ ఒక పట్టికకు కట్టుబడటం కోసం చేయడం సబబు కాదు.

దీనికి బలమైన అభ్యంతరం డబ్బుది, సెలవులది. వచ్చే కారవాన్ సైట్‌కు డబ్బు కట్టేశాం, ఉన్నదే వారం సెలవు, వాన పడినప్పుడల్లా ఆగితే బ్రిటన్‌లో ఎక్కడికీ చేరం అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. వాన పడినప్పుడల్లా ఆగమని నేను అనడం లేదు. చిన్న జల్లుకు ఎవరూ ఆగరు. పట్టిక వేసేటప్పుడే వారంలో ఒక రోజు ఏ ఊరూ రాయకుండా వదిలి, ప్రతి చోటా ఒక్క రాత్రికి బదులు రెండు రాత్రులు తీసుకోమంటున్నాను. అప్పుడు పోయేది ఒకటో రెండో ఊళ్ళు. కట్టిన డబ్బు తిరిగి రాదు కాబట్టి వెళ్ళి తీరాలనుకోవడం వేరే పొరపాటు: ఆ డబ్బు వెళ్ళినా రాదు, వెళ్ళకపోయినా రాదు. ఇకమీదట ఏది మేలన్నదే మిగిలిన ప్రశ్న.

పైగా కారవాన్ ఆగితే మనుషులు ఆగాలని ఎక్కడా లేదు. కారు వెనక తగిలించే కారవాన్‌కు ఉన్న పెద్ద సౌలభ్యం దాన్ని సైట్‌లో వదిలేసి కారులో తేలిగ్గా పోగలగడమే, దీన్ని చాలామంది మర్చిపోతారు. సీత్‌వెయిట్‌లో 3,500 మిల్లీమీటర్లు కురిస్తే అదే లోయ దిగువన, పాతిక నిమిషాల దూరంలో ఉన్న కెస్విక్‌లో కురిసేది సుమారు 1,500. ఇంకా తూర్పున పెన్రిత్‌లో 900 కూడా ఉండదు. పడమటి సముద్రం నుంచి వచ్చే మేఘాలు కొండల మీదే చాలావరకు ఖాళీ అయిపోతాయి. కొండ కింద ముసురు పట్టిన పూట అరగంటో ముప్పావు గంటో తూర్పుకు పోతే పొడి రోడ్డు దొరికే అవకాశం బాగానే ఉంది. ఊరు దాటడం ఇష్టం లేకపోతే కెస్విక్‌లోనే పెన్సిల్ మ్యూజియం ఉంది. పిల్లలు రోజూ పట్టుకునే పెన్సిల్ కథ అక్కడి నేలదే. సీత్‌వెయిట్ పక్క కొండలో 16వ శతాబ్దంలో స్వచ్ఛమైన గ్రాఫైట్ బయటపడింది, మొదట్లో గొర్రెల కాపరులు దాంతో గొర్రెల మీద గుర్తులు పెట్టుకున్నారు. కొండ మబ్బులో మునిగిపోయిన రోజున ఆ కొండ కడుపులో ఏముండేదో చూపించడం పిల్లలకు మంచి పాఠం.

వానకు ఆగడం సంగతి మన వెనకటివాళ్ళు మనకంటే బాగా ఎరుగుదురు. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలు సంచారం మాని ఒకచోట ఉండాలన్నది నియమం. చాతుర్మాస్యం పాటించే సన్యాసులదీ అదే బాట. కాశీయాత్ర దినచర్య రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, పెద్ద పరివారంతో కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిలో వానాకాలం తప్పదని తెలిసే వెళ్ళాడు. ఆయన దినచర్యను ఈ దృష్టితో తిరగేసి చూడండి. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, బాట రేగడో ఇసుకో అన్న వివరాలు పుటపుటకీ ఉంటాయి. నడవడానికి ఎంత సమాచారం కావాలో ఆగడానికీ అంతే కావాలని ఆయనకు తెలుసు. మన పట్టికలో ఊరి పేరు ఉంటుంది గాని, ఆ సైట్‌లో గట్టి నేల ఉందా, బట్టలు ఆరబెట్టుకునే గది ఉందా, పక్కన వాగు ఉందా అన్నవి ఉండవు.

ఆగిన కారవాన్ లోపల తడి ఒక నిజమైన సమస్య. సానుకూల దృక్పథంతో అది పోదు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి నుంచీ ఒంటి నుంచీ గంటకు సుమారు 40 గ్రాముల నీరు ఆవిరవుతుంది. నలుగురు పది గంటలు లోపల ఉంటే లీటరున్నర దాటుతుంది. స్టవ్ మీద ఒక కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆ పైన అన్నం ఉడికే ఆవిరి, తలుపు దగ్గర వేలాడే రెయిన్‌కోట్లు. ఇదంతా కిటికీల మీద చెమటలా పట్టి, ఫ్రేము వెంట జారి, పరుపు అంచును తడుపుతుంది. చలేస్తోందని కిటికీలు బిగిస్తే తడి ఇంకా పెరుగుతుంది. పైకప్పు కిటికీ కాస్త తెరిచి, హీటర్ సన్నగా నడవనివ్వడం సరైన పద్ధతి. గోడల్లో, నేలలో ఉండే గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కకూడదు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే స్టవ్ వెలిగించి చలి కాచుకోకూడదు. బొగ్గుల బార్బెక్యూను వాన పడుతోందని లోపలికిగానీ, పక్కన కట్టిన ఆనింగ్ గుడారంలోకిగానీ తేకూడదు, మంట ఆరిపోయినట్టు కనిపించినా సరే. బజ్జీల మాట కూడా చెప్పాలి. మూసిన కారవాన్‌లో మూకుడు నిండా నూనె కాచడం ప్రమాదం, ఆ వాసన పరుపుల్లోంచి వారం దాకా పోదు. పెనం మీద పెసరట్లు, అల్లం పచ్చడితో, వాన పూట బజ్జీలకు ఏమాత్రం తీసిపోవు. తడి బూట్లకు ఆనింగ్‌లో ఒక ట్రే పెట్టి, అది దాటి ఎవరూ బూట్లతో రాకూడదని కట్టడి చేస్తే సగం చికాకు తగ్గుతుంది. పెద్దవాళ్ళు ఉంటే తలుపు బయటి మెట్టు మీద జారని పట్టా వేయాలి.

చివరిగా వచ్చే అభ్యంతరం: ఇన్ని గంటలు ఇంత ఇరుకులో ఉంటే గొడవలు రావా? వస్తాయి. ఖాళీగా కూర్చోవడం మనిషికి తేలిక కాదు. టిమతీ విల్సన్ బృందం 2014లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో, మనుషులను పావుగంట సేపు ఒంటరిగా తమ ఆలోచనలతో కూర్చోబెట్టారు. కావాలంటే మీట నొక్కి తమకు తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకోవచ్చు. 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు కనీసం ఒకసారి నొక్కారు. చిన్న ప్రయోగమే, దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టనక్కర్లేదు. అయినా హాయిగా విశ్రాంతి తీసుకోండి అని చెప్పి వదిలేసే సలహా ఎందుకు పనిచేయదో అది చూపిస్తుంది. చేతికి పని కావాలి. నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క ఉంటే అష్టాచెమ్మా గీసుకోవచ్చు. అమ్మమ్మా తాతయ్యా మనవలకు నేర్పగలిగిన ఆట అది, ఫోన్‌లోంచి రాదు. పదేళ్ళు దాటిన పిల్లల చేతికి ఆ ప్రాంతపు ఆర్డినెన్స్ సర్వే కాగితపు పటం ఇచ్చి, రేపటి నడక వాళ్ళనే నిర్ణయించమనండి. గోధుమరంగు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్కుడు ఎక్కువని ఒకసారి చెబితే చాలు. రోజులో ఒక గంట మాత్రం ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని ముందే ఒప్పందం చేసుకోవాలి. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన మనకు మౌనం కోపంలా కనిపిస్తుంది, ఒప్పందమైతే కనిపించదు.

ఆగకూడని వానలు కూడా ఉన్నాయి, ఈ వాదనకు హద్దు అక్కడే. 2015 డిసెంబరు 5న డెస్మండ్ తుఫానులో సీత్‌వెయిట్‌కు ఎగువన ఉన్న హానిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు కురిసింది, బ్రిటన్‌లో అది రికార్డు. కెస్విక్ మునిగింది, పెన్సిల్ మ్యూజియంలోకీ నీళ్ళు వచ్చాయి. వాగు ఒడ్డున ఉన్న సైట్‌కు వరద హెచ్చరిక వస్తే ముసురు రోజు పాఠాలన్నీ పక్కనబెట్టి, నీళ్ళు రాకముందే, వెలుతురు ఉండగానే ఎత్తైన చోటికి వెళ్ళాలి. సమయం లేకపోతే కారవాన్ అక్కడే వదిలేసి మనుషులు వెళ్ళిపోవాలి. పారే నీళ్ళు అడుగు లోతున్నా కారును తేల్చేయగలవు. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించాక పడమటి కనుమలకు ఇలా వెళ్ళేవాళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డది రాత్రి వేళ, జనం నిద్రలో ఉండగా. వానాకాలంలో కొండవాలు కింద బండి ఆపుకోవడం ఎంత అందమైన చోటైనా చేయదగ్గ పని కాదు.

వాన వెలిసిన పొద్దున తొందరపడితే నిన్నటి ఓపిక వృథా అవుతుంది. గడ్డి మీద నిలిపిన బండి చక్రాలు మెత్తబడ్డ నేలలో దిగి ఉంటాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంకా దిగుతాయి. కారు చక్రాల కింద పట్టాలు పరిచి మెల్లగా కదలాలి, కదలకపోతే సైట్‌వాళ్ళ దగ్గర ట్రాక్టర్ ఉందేమో అడగాలి. వాళ్ళకిది అలవాటైన పనే. చాలా సైట్లు మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయమంటాయి, అంటే ఆనింగ్ ఆరేదాకా ఆగడానికి వీలుండదు. తడిగానే మడిచి, పరుపుల మీద కాకుండా ప్లాస్టిక్ సంచిలో విడిగా పెట్టి, తర్వాతి మజిలీలో సామాన్లు దించకముందే దాన్ని విప్పి ఆరేయాలి. రెండు రోజులు తడిగా ఉంటే బూజు మచ్చలు పడతాయి, అవి ఎంత ఉతికినా పోవు. అద్దె బండి అయితే వాటి ఖరీదు మీ డిపాజిట్‌లోంచే తగ్గిస్తారు.